దుమ్ము జలుబు

మా ఆదోనిలో జలుబును ఎవరూ జబ్బుల్లో లెక్కపెట్టరు. దసరా దాటి మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైందంటే ఊరు ఊరంతా తుమ్ముతుంది. పత్తి కుక్కిన బోరాలు విప్పితే లేచే నూగు, జిన్నింగు మిల్లుల్లోంచి వచ్చే దుమ్ము ఉగాది దాకా గాలిలో తేలుతూనే ఉంటాయి. హమాలీ తుమ్ముతాడు, దళారీ తుమ్ముతాడు, టీ పోసేవాడూ తుమ్ముతాడు. దాన్ని దుమ్ము జలుబు అంటాం. పత్తితో వస్తుంది, పత్తితో పోతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు అని మా నమ్మకం. నలభై ఏళ్లుగా పత్తి మండీ నడుపుతున్నవాణ్ణి. ప్రతి చలికాలం నా జేబులో రెండు రుమాళ్లు ఉంటాయి, ముఖానికి ఒకటి, ముక్కుకు ఒకటి.

మా మనవరాలు అరవై ఒక్క రోజులు బతికింది. ఆ పాపకు జబ్బు ఎవరు తెచ్చారన్న మాట మా ఇంట్లోనూ, ఎమ్మిగనూరులో మా అమ్మాయి అత్తవారింట్లోనూ పది నెలలు నలిగింది. జవాబు నాకు మొదటి వారంలోనే తెలుసు. నోరు తెరవలేదు. నా పిరికితనం వల్ల ఇంకొక మనిషి ఆ నింద మోసింది.

మాకు ఒక్కతే కూతురు. ఎమ్మిగనూరులో చీరల కొట్టు ఉన్న ఇంటికి ఇచ్చాం. బస్సెక్కితే గంట దారి. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి తీసుకొచ్చాం. నెల ముందే నొప్పులొచ్చాయి. పాప రెండు కిలోలు కూడా లేదు. పది రోజులు గాజు పెట్టెలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు పిల్లల డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు గదిలోకి రాకూడదు. ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముఖం మీద ముద్దులు పెట్టకూడదు. సాంబ్రాణి పొగ వేయకూడదు. పెళ్లిళ్లకూ జాతరలకూ తిప్పకూడదు. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. నేను అన్నీ మళ్లీ ఒకసారి చెప్పించుకుని, మండీ చీటీ వెనక రాసుకుని, ఇంటికొచ్చి క్యాలెండరు పక్కన అంటించాను.

ఇక చూడండి నా దర్బారు. వాకిట్లో కొళాయి దగ్గర కొత్త సబ్బు పెట్టాను. గది గడపకు అడ్డంగా కుర్చీ వేసుకున్నాను. పొరుగింటివాళ్లు వస్తే వాకిట్లోనే కాఫీ ఇచ్చి, కిటికీలోంచి పాపను చూపించి పంపించాను. సాంబ్రాణి లేకుండా నీళ్లు పోస్తే పిల్లకు జుట్టెలా ఆరుతుందని మా ఆవిడ సణిగితే ధూపం గిన్నెను అటక మీదికి ఎక్కించాను.

మా అక్క మద్దికెర నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఒకటే దగ్గు. గుమ్మంలోనే ఆపాను.

"అక్కా, నీకు దగ్గు తగ్గినాక సూద్దువులే. అరుగు మీద కూసో."

"నిన్ను సంకనేసుకొని తిప్పింది ఎవరప్పా? ఆ పొద్దు నన్నెవరు ఆపినారు?"

"అప్పుడు నీకు ఏడేండ్లు. దగ్గు లేదు."

"మీ ఇంట్లోనే పుట్టిందా, ఊర్లో ఎవరింట్లో పిల్లలు పుట్టలేదా?" అంటూనే అరుగు మీద కూర్చుంది. కాఫీ తాగింది. పాపకు తెచ్చిన వెండి మొలతాడు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత నెల రోజులు ఫోనెత్తలేదు. బాధపడకపోగా నాకు గర్వంగా ఉండేది. డాక్టరమ్మ దగ్గర ఆ సంగతి చెప్పి మెప్పు కూడా పొందాను.

అంతమందిని ఆపినవాణ్ణి, నన్ను నేను ఆపుకోలేదు. సాయంత్రం యార్డు నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కునేవాణ్ణి, సబ్బుతోనే. చొక్కా మార్చుకుని పడక కుర్చీలో వాలితే మా అమ్మాయి పాపను తెచ్చి నా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టేది. ఎంత ఏడుస్తున్నా అక్కడికి వస్తే ఊరుకునేది. దాని తల నా గడ్డం కింద సరిగ్గా ఇమిడేది. నా భుజం మీద తువ్వాలు ఉండేది. ముక్కు కారితే దాని కొసతో తుడుచుకునేవాణ్ణి. పాప తల కింద ఉన్నది కూడా అదే తువ్వాలు. ఈ ముక్క రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పాప జబ్బు పడడానికి ముందు వారం, సోమవారం నాడు నాకు జలుబు ఎక్కువైంది. ఒళ్లు నొప్పులు, గొంతు పట్టేసింది. మా ఆవిడ నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఈసారి దుమ్ము మాదిరి లేదు. ఒళ్లు కాలుతాంది."

"ఈ ఏడు పెద్దకడుబూరు పత్తి అంతా మన్నే. విప్పుతానే కండ్లలో పడతాంది. దానికే ఇట్లుంది," అన్నాను. పాపం, పెద్దకడుబూరు రైతుల మీదికి నెట్టేశాను. ఒక మాత్ర వేసుకుని సాయంత్రం మామూలుగా పాపను ఎత్తుకున్నాను.

గురువారం పాపను చూపించడానికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. బరువు పెరిగిందని సంతోషించింది. ఆమెది కోస్తా వైపు. నన్ను చూసి, "మీకు జలుబు చేసినట్టుందండీ?" అంది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి నవ్వింది. "మా నాన్నకు ఏటా ఇంతే మేడమ్. పత్తి దుమ్ము. జలుబు కాదు."

"దుమ్మే మేడమ్," అన్నాను నేను కూడా.

"అయినా సరే, నాలుగు రోజులు మాస్కు పెట్టుకోండి. పాపకు కొంచెం దూరంగా ఉండండి," అని ఒక మాస్కు ఇచ్చింది. మెట్లు దిగేదాకా పెట్టుకున్నాను. వీధిలోకి రాగానే తీసి జేబులో పెట్టుకున్నాను. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు తెలిసిన సంగతి పైవాళ్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. మా అమ్మాయి కూడా ఆదోని పిల్లే. దుమ్ము జలుబు అంటదని నా దగ్గరే నేర్చుకుంది.

ఆదివారం ఎమ్మిగనూరు నుంచి మా వియ్యపురాలు, అల్లుడు వచ్చారు. ఆమె భర్త పోయాక కొట్టు, ఇల్లు, కొడుకును ఒక్కతే చూసుకొచ్చిన మనిషి. పెద్దగా మాట్లాడదు. గుమ్మంలో నా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. దగ్గు లేదు, జ్వరం లేదు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. "ఇంగేమన్నా మిగిలిందా అన్నా?" అని నవ్వింది. పాపకు పొత్తిళ్లకని తన పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి తెచ్చింది.

పాప నా రొమ్ము మీదే నిద్రపోతోంది. ఆమె ఎదురుగా కూర్చుని నన్నే కాసేపు చూసింది. "జలుబు చేసినట్టుందే అన్నా," అంది. నేను జవాబు చెప్పకముందే మా అమ్మాయి డాక్టరమ్మ ముచ్చట ఎత్తుకుని, మేడమ్ ఎట్లా భయపడిందో, తను ఏం చెప్పిందో నటించి చూపించింది. అందరం నవ్వాం. వియ్యపురాలు నవ్వలేదు. పాపను తన ఒళ్లోకి తీసుకుని ఒకటి రెండు సార్లు పాదాలకు ముద్దు పెట్టుకుంది. ముఖం జోలికి పోలేదు. నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయారు.

మంగళవారం పొద్దున పాప పాలు తాగడం మానేసింది. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేసేది. బుధవారానికి డొక్కలు ఎగరేయడం మొదలైంది. ముక్కుపుటాలు అదిరిపోతున్నాయి. డాక్టరమ్మ చూస్తూనే కర్నూలుకు రాసింది. ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో ఎక్కించారు.

కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగానే పోవాలి. సర్కిలు దగ్గర అల్లుడు, వాళ్లమ్మ ఎండలో నిలబడి ఉన్నారు. అల్లుడు ఎక్కాడు. ఆమెకు చోటు లేదు. తెచ్చిన సంచీ లోపలికి అందించి, పాపను ఒక్క క్షణం చూసి వెనక్కి జరిగింది. తలుపు వేసేశారు.

కర్నూలులో పెద్ద డాక్టరు శుక్రవారం పొద్దున నన్నూ అల్లుణ్ణీ పిలిచి మాట్లాడాడు. చలికాలంలో తిరిగే వైరస్ అన్నాడు. పెద్దవాళ్లకు వట్టి జలుబుగా వచ్చి పోతుందట. నెల తక్కువ పుట్టిన పసిబిడ్డల ఊపిరితిత్తులకు మాత్రం అదే ప్రాణం మీదికి వస్తుందట. "సోకినాక బయటపడేందుకు నాలుగైదు రోజులు పడతది. ఇంట్లో ఎవరికో ముందే ఉండుంటది," అన్నాడు.

నాకు రోజులు లెక్కపెట్టడం రాక కాదు. వియ్యపురాలు వచ్చింది ఆదివారం. పాపకు మొదలైంది మంగళవారం. రెండు రోజులే. నాకు ఎక్కువైంది అంతకు ముందు సోమవారం. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఎట్లా లెక్కపెట్టినా నా దగ్గరికే వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం వియ్యపురాలు బస్సెక్కి కర్నూలు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆ ముందురోజే మొదలైందట. ఆదివారం మా ఇంటికి వచ్చి అంటించుకుపోయిన జలుబు అది. వసారా చివర, పిల్లల వార్డుకు దూరంగా నిలబడింది. మా అమ్మాయి ఆ దగ్గు వింది. మూడు రోజులుగా నిద్రలేని పిల్ల, లేచి నేరుగా ఆమె దగ్గరికి నడిచింది.

"నీవే అత్తా. ఆదివారం వచ్చి ముద్దులు పెట్టింది నీవే. నీవే తెచ్చినావు."

వసారాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. వియ్యపురాలు నా వైపు ఒకసారి చూసింది. మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. నేను ముక్కుకు వాడే రుమాలు గుప్పెట్లో నలుపుతూ అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు ఆ సమయానికి. అది నా నోట్లోంచి రాలేదు. పాప తేరుకున్నాక చెబుదాంలే అనుకున్నాను.

సోమవారం పదకొండు గంటలకు డాక్టరు బయటికి వచ్చి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. మా అమ్మాయి రవిక, చీర ముందుభాగమంతా పాలతో తడిసి ఉన్నాయి. తాగే నోరు లేకపోయినా పాలు ఆగవు కదా.

పసిబిడ్డలను మావాళ్లు కాల్చరు, పూడుస్తారు. ఎమ్మిగనూరులోనే పూడ్చాం. గుంతలో దింపే ముందు అల్లుడు పాపను నా చేతికిచ్చాడు. తుమ్ము వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. అప్పుడు ఆ జాగ్రత్త ఎవరికి కావాలి. వియ్యపురాలి పాత చీర ముక్కలోనే చుట్టి పెట్టాం.

రెండు నెలలు మా దగ్గర ఉండి అమ్మాయి ఎమ్మిగనూరు వెళ్లింది. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండయ్యాయి. తను మేడ మీద వండుకునేది. అత్త కింద వండుకునేది. అత్త పోసిన నీళ్లు కూడా తాగేది కాదు. అల్లుడు అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "మామా, మీరన్నా ఒక మాట సెప్పండి. మా అమ్మ సగమైపోయింది," అనేవాడు. "టైమియ్యప్పా, అన్నీ సర్దుకుంటాయి," అనేవాణ్ణి. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసేది. మా ఆవిడ పక్కనే ఉండి అంతా వినేది. ఆ సోమవారం నా నుదురు తాకి చూసింది తనే. ఈ సంగతి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు.

ఈ ఏడు దసరా అయిన వారానికి అమ్మాయి ఫోన్ చేసింది. ఐదో నెల అట. చాన్నాళ్ల తర్వాత దాని గొంతులో కొంచెం ప్రాణం వినిపించింది.

"మాఘంలో అంటున్నారు నాన్నా. ఈసారి కూడా ఆడికే వస్తా. ఈడ ఉంటే నాకు భయం. నీ మాదిరి ఎవరూ సూసుకోలేరు."

మాఘం అంటే యార్డు నిండా పత్తి ఉండే కాలం. ఒక బిడ్డను పోగొట్టి, నోరు మూసుకుని ఇంకో బిడ్డను కూడా నా రొమ్ము మీదికే తెచ్చుకుంటున్నాను. ఆ మర్నాడే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం. వియ్యపురాలు కింద వసారాలో చేట పెట్టుకుని కందిపప్పు ఏరుతోంది. అల్లుడన్నట్టు నిజంగానే సగమైంది. చాప వేసి కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను.

"అమ్మా, ఆ జలుబు నాది. నీవు వచ్చే నాటికే నాకు వారం. జ్వరం కూడా ఉండె. పాపకు నా దగ్గర అంటింది. నీకూ నా దగ్గరే అంటింది."

ఆమె చేట పక్కన పెట్టింది.

"తెలుసన్నా. ఆ పొద్దు నీ రొమ్ము మీద పాపను సూసినప్పుడే మనసులో గుబులు పుట్టింది. తీసుకొని పక్కన పడుకోబెట్టమందామనుకున్నా. ఆడపెళ్లివారింటికి పోయి ఆ మాట అంటే బాగుండదని ఊరుకున్నా. నా తప్పు కూడా ఉంది."

"మరి ఆసుపత్రిలో నిన్ను అంత మాట అంటే..."

"యేమని సెప్పమంటావు? డాక్టరమ్మకు నీది దుమ్మేనని సెప్పింది ఆ పిల్లే గదా. నీవు తెచ్చినావంటే, తన నోటితోనే బిడ్డను సంపుకున్నానని అనుకుంటది. అత్త మీద కోపమైతే ఎట్లనో బతుకుతది. దాని మీద దానికే కోపమైతే యాడికి పోతది?"

నేను ఆ చాప మీద కూలబడ్డాను. అరవై ఐదేళ్లు వచ్చాక ఒక ఆడమనిషి ముందు అలా ఏడవడం అదే మొదటిసారి. కన్న తండ్రిని నేను, నాకు నా మానం గురించే బెంగ. కూతురి గురించి ఆలోచించింది ఆమె. కాసేపయ్యాక అమ్మాయి కాన్పుకు మా ఇంటికి వస్తానంటున్న సంగతి చెప్పాను. ఆమె చేట మళ్లీ దగ్గరికి తీసుకుని, నాలుగు పలుకులు ఏరి ఆపేసింది.

"అట్లయితే సెప్పాల్సిందే అన్నా. పుట్టబోయే దాని కోసం సెప్పాల్సిందే. పో. నిదానంగా సెప్పు," అంది.

మేడ ఎక్కాను. మా అమ్మాయి నన్ను చూసి ముఖం విప్పార్చుకుని మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పేశాను. సోమవారం, జ్వరం, తువ్వాలు, మెట్ల కింద తీసేసిన మాస్కు, కర్నూలు డాక్టరు చెప్పిన రోజుల లెక్క. ఏదీ దాచలేదు. అది మంచం మీద కూర్చుని వింది.

"జ్వరం ఉండెనా?" అని అడిగింది.

"ఉండె."

"నేను దుమ్మని సెప్పినా గదా మేడమ్‌కు."

"నీకు ఆ మాట నేర్పింది నేనే తల్లీ. ఆ పొద్దు నీ పక్కనే కూసోని, నా జ్వరం నాకు తెలిసి కూడా, దుమ్మే అన్నది నేను. అది నాది. నీది కాదు."

అది లేచి గదిలోకి వెళ్లింది. ముఖం కడుక్కున్న చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి, నన్ను దాటి, మెట్లు దిగింది. నేను మేడ మీదే ఉండిపోయాను. కింద నుంచి దాని గొంతు వినిపించింది.

"అత్తా, అన్నం తిన్నావా?"

"యాడ తింటిని, పప్పు ఏరుతాంటి."

అంతే, ఇద్దరూ ఏడుస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత రెండు కంచాలు పెట్టిన చప్పుడైంది. నన్ను పిలవలేదు. పిలుస్తారని నేను అనుకోలేదు కూడా. మెల్లగా మెట్లు దిగి, వాళ్లకు అడ్డం రాకుండా వసారా పక్కగా బయటికి నడిచి ఆదోని బస్సెక్కాను.

అప్పటి నుంచి మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మతో మాట్లాడుతుంది. నేను ఎత్తితే పెట్టేస్తుంది. కాన్పు ఎమ్మిగనూరులోనే అయింది. మగపిల్లవాడు, నెలలు నిండి పుట్టాడు. మా ఆవిడ వెళ్లి నెల రోజులు అక్కడే ఉంది. నాకు ఫోన్ చేసి చెప్పింది మాత్రం వియ్యపురాలు. పిల్లవాడు బాగున్నాడని, పాలు బాగా తాగుతున్నాడని చెప్పింది.

"పత్తి అయిపోయినాక రా అన్నా, సూద్దువు," అంది.

"అమ్మాయి ఏమంటుందో అమ్మా," అన్నాను.

"ఆ మాట సెప్పమన్నది ఆ పిల్లే."

ఈ ఏడు వానలు ఆలస్యమై విత్తనం ఆలస్యంగా పడింది. యార్డుకు పత్తి ఇంకా వస్తూనే ఉంది.